ఖురాక్: లాలాగూడ కడుపుమంటల కథ

మా అబ్బా ప్యాంట్లన్నిటికీ మోకాళ్ల దగ్గర చిన్న చిన్న చిల్లులుండేవి. లాలాగూడ క్యారేజి వర్క్‌షాపులో ఆయన పని రైలు పెట్టెల బ్యాటరీల దగ్గర. పెట్టెలో లైట్లు వెలగడానికి, ఫ్యాన్లు తిరగడానికి అడుగున వరుసగా అమర్చే బరువైన బ్యాటరీలవి. వాటిలో తేజాబ్ పోస్తారు. చుక్క మీద పడితే ఆ సాయంత్రం బట్టకు ఏమీ కనిపించదు. రెండు ఉతుకులయ్యాక అక్కడ చిల్లు పడుతుంది. అమ్మీ ఆ చిల్లులోంచి వేలు పెట్టి చూపించి విసుక్కునేది. అబ్బా నవ్వి, "ఇది బయటి తేజాబ్, బట్టను తింటుంది. లోపలి తేజాబ్ మనిషిని తింటుంది. నాన్నను చూడలేదా?" అనేవాడు.

నాన్న అంటే మా దాదా. ఆయన పొట్ట మీద బొడ్డు పైనుంచి రొమ్ము ఎముక దాకా నిలువుగా ఓ పొడుగాటి గీత ఉండేది. అల్సర్ ఆపరేషన్ మచ్చ. దాదా కూడా వర్క్‌షాపు మనిషే. నిజాం రైల్వే కాలంలో, 1893లో మొదలైన ఆ వర్క్‌షాపు సైరనే మా ఇంటికి గడియారం. ఎవరైనా ఆ మచ్చ గురించి అడిగితే, "మేదాకు బైపాస్ లైను వేశారు, పాత లైను మీద బండ్లు బంద్" అని చెప్పేవాడు. ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ రోజుల్లో చేసే ఆపరేషన్ అదే. తేజాబ్ ఊరమని మేదాకు హుకుం తెచ్చే నరాన్ని కోసేవారు, మేదాను నేరుగా పేగుతో కలిపి తిండికి వేరే దారి చేసేవారు.

ఆ మచ్చ మా దాదా ఒక్కడిదే కాదు. మా గల్లీలో ఆ తరం మనుషుల్లో ఇంకొందరికి కూడా ఉండేది. పొద్దున్నే బావి దగ్గర స్నానాలు చేస్తుంటే పిల్లలం చూసేవాళ్లం. పని మీద తగిలిన దెబ్బలేమో అనుకునేవాణ్ణి.

చాలా ఏళ్ల తర్వాత, పత్రికలో పనిచేస్తూ ఆరోగ్యం పేజీ చూసే రోజుల్లో తెలిసింది. అల్సర్ మీద మన దేశంలో జరిగిన తొలి పెద్ద పరిశోధనల్లో ఒకటి రైల్వే ఉద్యోగుల మీదే జరిగింది. రైల్వే డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా దాన్ని 1964లో 'గట్' అనే బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. రైల్వే వాళ్లను ఎంచుకోవడంలో తెలివి ఉంది. దేశమంతా ఒకే నౌకరీ, ఒకే రకం దవాఖానాలు, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో కాగితం మీద ఉంటుంది. తేడా ఉన్నది తిండిలో. గోధుమ రొట్టెలు తినే ఉత్తరాది వాళ్లకంటే అన్నం తినే దక్షిణాది వాళ్లలో అల్సర్ చాలా ఎక్కువని ఆయన తేల్చారు. రొట్టెను బాగా నమలాలి, లాలాజలం కలుస్తుంది, అది మేదాను కాపాడుతుందని ఆయన వాదన. మైసూరులో పనిచేసిన ఇంగ్లీషు సర్జన్ ఫ్రాంక్ టోవీ కూడా ఈ ఉత్తర దక్షిణాల తేడానే పట్టుకుని ఏళ్ల తరబడి వెతికాడు. మా దాదాకు ఈ సంగతులేవీ తెలియవు. ఆయన ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్తే ముగ్గురూ చెప్పింది ఒకటే: మిర్చీ మానెయ్, పాలు తాగు.

ఆ పాల సలహా షికాగో నుంచి వచ్చింది. బెర్‌ట్రామ్ సిప్పీ అనే డాక్టర్ 1915లో అల్సర్ మరీజులకు గంట గంటకూ పాలు, మీగడ ఇచ్చి మధ్యలో తేజాబ్‌ను చంపే పొడులు ఇచ్చే పద్ధతి రాశాడు. యాభై ఏళ్లకు పైగా దునియా అంతా దాన్నే నమ్మింది. పాలు కాసేపు మంటను చల్లార్చి, ఆ తర్వాత ఇంకా ఎక్కువ తేజాబ్ ఊరేలా చేస్తాయని తర్వాత తేలింది. మా దాదీ రాత్రి రెండింటికి లేచి దాదాకు పాలు వేడిచేసేదట. పాపం, ఆ నిద్రంతా వృథా పోయింది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, మాటల దగ్గర ఆగిపోవడం నాకో జబ్బు. మా సైన్సు పుస్తకంలో యాసిడ్‌ను 'తుర్షా' అన్నారు. తుర్ష్ అంటే పులుపు. తెలుగులో ఆమ్లం అన్నా అదే పులుపు. వర్క్‌షాపులో మాత్రం దాని పేరు తేజాబ్: తేజ్ ఆబ్, పదునైన నీళ్లు. పుస్తకం రుచి చూసి పేరు పెట్టింది, కార్మికుడు కాలి పేరు పెట్టాడు. ఇక దవా మోతాదుకు ఉర్దూలో ఉన్న మాట ఖురాక్. తిండికీ అదే మాట. ఒక ఖురాక్ దవా అంటాం, మనిషి ఖురాక్ బాగుందీ అంటాం. ఇంగ్లీషులో ఈ రెంటికీ సంబంధం లేదు. కడుపుమంట మాత్ర విషయంలో మాత్రం మన ఉర్దూ మాటే సరైందని నాకు తర్వాత అర్థమైంది.

చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ దవాఖానాలో హకీం సాబ్ రాసే నుస్ఖాలు మా ఇంట్లో ఉండేవి. దాదీకి జవారిష్ కమూనీ రాసేవారు, జీలకర్రతో చేసే తీపి లేహ్యం. జవారిష్ జాలీనూస్ అని ఇంకోటి. జాలీనూస్ అంటే గ్రీకు వైద్యుడు గేలెన్. ఆ చీటీలో మందు పేరు కంటే దాని చుట్టూ రాసిన మాటలే ఎక్కువ. ఎంత తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోవాలి, ఎన్నాళ్లు తీసుకోవాలి. మిక్దార్, వఖ్త్, ముద్దత్. కొన్నిటికి 'నిహార్ మూ' అని రాసేవారు, అంటే పరగడుపున, నాష్తా కంటే ముందు. కొన్నిటికి 'బాద్ గిజా', తిన్న తర్వాత. ఆ లేహ్యం అల్సర్‌ను మాన్పుతుందని నేను చెప్పను, మాన్పలేదు కూడా. చీటీ రాసే పద్ధతి గురించే చెబుతున్నాను.

కడుపులో ఉన్నది నిజంగా తేజాబేనని 1823లో లండన్ డాక్టర్ విలియం ప్రౌట్ పరీక్ష చేసి చెప్పాడు. దాని పేరు హైడ్రోక్లోరిక్ యాసిడ్. 1910లో కార్ల్ ష్వార్జ్ అనే సర్జన్ తేజాబ్ లేకపోతే అల్సర్ లేదని సూత్రం కట్టాడు. ఆ సూత్రం పట్టుకునే కత్తులు లేచాయి, నరాలు తెగాయి. మా దాదా పొట్ట మీది గీత దాని సంతకమే.

కత్తిని ఆపింది స్కాట్లాండ్ మనిషి జేమ్స్ బ్లాక్. తేజాబ్ ఊరడానికి హిస్టమిన్ అనే పదార్థం తాళంచెవి లాంటిది. ఆ తాళం రంధ్రాన్ని మూసేసే మందు తయారుచేశాడు. అదే సిమెటిడిన్, 1976లో బ్రిటన్‌లో వచ్చింది. దాని ఖురాక్ చూడండి: మూడు పూటలా భోజనంతో 200 మిల్లీగ్రాములు, రాత్రి పడుకునే ముందు 400. రోజుకు నాలుగు సార్లు. 1981లో రానిటిడిన్ వచ్చింది, 150 చొప్పున రెండు పూటలు చాలు. ఆ తర్వాత రాత్రిపూట ఒకేసారి 300 వేసుకున్నా పుండు మానుతుందని తెలిసింది, ఎందుకంటే ఈ మందులు రాత్రి ఊరే తేజాబ్‌ను బాగా పట్టి ఉంచుతాయి. నాలుగు సార్లు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. 1988లో బ్లాక్‌కు నోబెల్ వచ్చింది.

ఆ ఏడాదే స్వీడన్ కంపెనీ ఆస్ట్రా ఒమెప్రజోల్‌ను బజారులోకి తెచ్చింది. ఇది తాళం రంధ్రం జోలికి పోదు. లోపల తేజాబ్‌ను తోడిపోసే పంపునే పట్టేస్తుంది. దీన్ని 1979లోనే కనిపెట్టారు. ఎలుకలకు జీవితాంతం పెద్ద మోతాదులో ఇస్తే వాటి మేదాలో గడ్డలు కనిపించాయని 1984లో ప్రయోగాలు ఆపేశారు కూడా. తేజాబ్ పూర్తిగా ఆగిపోతే దాన్ని ఊరించే హార్మోన్ విపరీతంగా పెరిగి అలా అయిందని తేల్చుకున్నాక మళ్లీ మొదలుపెట్టారు. అమెరికాలో మొదట లోసెక్ అని పేరు పెడితే, డాక్టర్ల చేతిరాతలో అది లాసిక్స్ అనే మరో మందులా కనిపిస్తోందని ప్రైలోసెక్ అని మార్చాల్సి వచ్చింది. (చేతిరాత గొడవ మన దగ్గరే ఉందనుకుంటాం.)

దీని పని తీరు వింతగా ఉంటుంది. మందును నాశనం చేసేది తేజాబే, పనిచేయించేదీ తేజాబే. అందుకే మేదాలో కరిగిపోకుండా గింజలకు పూత పూసి గొట్టంలో పెడతారు. అది పేగులో కరిగి, రక్తంలో కలిసి, తిరిగి మేదా గోడల్లోని పంపుల దగ్గరికి వస్తుంది. పంపు నడుస్తుంటేనే, అక్కడ తేజాబ్ ఉంటేనే మందు మేల్కొంటుంది, పంపును పట్టుకుని వదలదు. పంపులు నడిచేది తిండి తిన్నప్పుడు. రక్తంలో ఈ మందు సగమై పోవడానికి సుమారు గంట చాలు. కాబట్టి తిండి లోపలికి వచ్చే సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. నాష్తాకు అరగంట నుంచి గంట ముందు అని చెప్పేది ఇందుకే. తిన్నాక గంటకు వేసుకుంటే, పంపులు పడుకునే వేళకు మందు తలుపు తడుతుంది. పంపులన్నీ ఒకే రోజు నడవవు, రోజూ కొత్తవి పుడుతుంటాయి, కాబట్టి పూర్తి ప్రభావం రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఒక్క మాత్ర వేసుకుని గంటలో మంట తగ్గలేదని రెండోది మింగేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఖురాక్ అనే మాటలో తిండీ మందూ కలిసి ఉన్నాయన్నాను కదా, ఈ మాత్ర సరిగ్గా అలాంటిది. తిండి లేకుండా దీని మోతాదుకు అర్థం లేదు.

స్వీడన్ మందు లాలాగూడ మెడికల్ షాపుకు ఎలా వచ్చింది? దీనికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. 1970 పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. మందు మీద కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఇచ్చే చట్టం అది. 2005లో ఆ చట్టం మారేదాకా, వేరే దారిలో అదే మందు చేయగలిగితే చేసుకునే వీలుండేది. దారులు వెతికే కెమిస్టులు మన ఊళ్లో ఉన్నారు. లాలాగూడ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, తార్నాకలో, ఇప్పుడు ఐఐసీటీ అంటున్న పాత ఆర్‌ఆర్‌ఎల్ ఉంది. దాన్ని నిలబెట్టిన తొలి తరం డైరెక్టర్ డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్, కమ్యూనిస్టు రచయిత సజ్జాద్ జహీర్‌కు అన్న. అటు బాలానగర్‌లో సోవియట్ సాయంతో కట్టిన ఐడీపీఎల్. ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1991లో వాళ్ల ఒమెప్రజోల్ 'ఓమెజ్' పేరుతో వచ్చింది. అప్పటికి మన బజారులో ఉన్న బ్రాండ్ల ధరలో దాదాపు సగానికే. ఎన్ని కడుపులు కత్తి నుంచి తప్పించుకున్నాయో. మా దాదా ఇరవై ఏళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆయన పొట్ట మీద గీత ఉండేది కాదు.

అల్సర్ పగిలి రక్తం పోతున్న మనిషికి ఎంత ఖురాక్ ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లలో శ్రీనగర్ డాక్టర్ మొహమ్మద్ సుల్తాన్ ఖురూ ఒకరు. 1997లో ఆయన బృందం రాసిన వ్యాసం అమెరికా 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. 220 మంది మరీజులు. సగం మందికి 12 గంటలకోసారి 40 మిల్లీగ్రాముల ఒమెప్రజోల్, నోటి ద్వారా, ఐదు రోజులు. సగం మందికి ఉత్తుత్తి మాత్ర. మందు తీసుకున్న 110 మందిలో 12 మందికి రక్తం ఆగలేదు లేదా మళ్లీ వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 40 మందికి. ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు అటు 8, ఇటు 26. ఆ తొంభైల్లో కశ్మీర్ ఎలా ఉందో పత్రికల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. ఆ శ్రీనగర్‌లో కూర్చుని రోజువారీ మోతాదుకు నాలుగింతలు, కానీ ఐదు రోజులే అని లెక్కగట్టి నిరూపించారు. తర్వాత 2000లో హాంకాంగ్ డాక్టర్లు ఇంజెక్షన్‌గా 80 మిల్లీగ్రాములు ఇచ్చి, ఆపైన గంటకు 8 చొప్పున 72 గంటలు ఎక్కించే పద్ధతి చెప్పారు.

అసలు దోషి వేరే ఉన్నాడని ఈలోగా తేలింది. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ మేదాలో ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు, హెలికోబ్యాక్టర్ పైలోరీ. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రావణాన్ని తానే తాగి కడుపు పాడుచేసుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్. అల్సర్లలో చాలావాటికి ఈ క్రిమి కారణం, మరికొన్నిటికి నొప్పి మాత్రలు. క్రిమి ఉంటే తేజాబ్ మాత్ర రెండు పూటలా, దానితో రెండు యాంటీబయాటిక్‌లు, మామూలుగా 14 రోజులు. ఆ తర్వాత క్రిమి పోయిందో లేదో పరీక్ష. అంతే. జీవితాంతం సాగే జబ్బు అనుకున్నది రెండు వారాల కోర్సు అయింది.

పుండుకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు. గుండెల్లో మంటకు మామూలుగా ఎనిమిది వారాలు. ఈ మాత్రలు పుట్టింది ఆ లెక్కతో.

ఇప్పుడు మా అమ్మీ సంగతి. మోకాళ్ల నొప్పులని ఒక ప్రైవేటు డాక్టర్ నొప్పి మాత్రలు రాసి, అవి కడుపును కోయకుండా పాంటోప్రజోల్ 40 జత చేశాడు. నెల రోజులకు. అది సరైన పనే, అలాగే రాయాలి. నొప్పి మాత్రలు రెండు నెలలకు ఆగిపోయాయి. గ్యాస్ గోలీ ఆగలేదు. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ కొనసాగించమనలేదు. చీటీ పోయింది, మాత్ర పేరు గల్లీ చివరి మెడికల్ షాపు కుర్రాడికి నోటికొచ్చు. డబ్బులిచ్చి తెచ్చింది నేనే. పదకొండేళ్లు. అదీ రాత్రి అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు. మిక్దార్ ఒక్కటే మిగిలింది, వఖ్త్ తప్పింది, ముద్దత్ మాయమైంది. దవాల చరిత్ర మీద వ్యాసాలు రాసే కొడుకు ఇంట్లోనే ఇలా జరిగింది.

అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుందని, నమాజులో రకాతులు మర్చిపోతున్నానని అమ్మీ అంటే వయసు అనుకున్నాం. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆమె మాత్రల డబ్బా మొత్తం బల్ల మీద బోర్లించింది. ఒక్కో స్ట్రిప్ తీసి, "ఇది ఎందుకమ్మా? ఎప్పటి నుంచి?" అని అడిగింది. అమ్మీ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. రక్తపరీక్షలో బీ12 అడుగుకు పోయింది. తిండిలోని బీ12 విడిపోవడానికి మేదాలో తేజాబ్ కావాలి. రెండేళ్లకు మించి ఈ మాత్రలు వాడినవాళ్లలో ఆ లోపం ఎక్కువగా కనిపిస్తోందని 2013లో అమెరికాలో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. అమ్మీకి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కూడా ఉంది, అదీ బీ12ను తగ్గిస్తుంది. రెండూ కలిసి చేసిన పని అంది డాక్టర్.

ఇంటికొచ్చి అమ్మీ కోపంగా గోలీలు ఆపేసింది. ఐదో రోజుకు గుండెల్లో నిప్పులు. "చూశావా బేటా, నాకు జబ్బు ఉంది, అది లేకుండా నేను బతకలేను" అంది. అది జబ్బు కాదు. ఏళ్ల తరబడి అణచిన తేజాబ్ ఒక్కసారిగా పొంగడం. 2009లో డెన్మార్క్‌లో ఏ కడుపు జబ్బూ లేని 120 మందితో ప్రయోగం చేశారు. ఎనిమిది వారాలు ఈ రకం మాత్ర ఇచ్చి ఆపితే, వాళ్లలో 44 శాతం మందికి మంట, పులితేన్పులు మొదలయ్యాయి. ఉత్తుత్తి మాత్ర తిన్నవాళ్లలో 15 శాతానికే. అంటే మాత్ర ఆపడమే మాత్ర అవసరాన్ని పుట్టిస్తుంది. ఆ మంటను చూసి భయపడి మళ్లీ డబ్బా తెరిచేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో.

డాక్టర్ చెప్పినట్టు మెల్లగా దించాం. 40 నుంచి 20కి, పొద్దున నిహార్ మూ, ఆపైన రోజు విడిచి రోజు. ఇది అందరి నుస్ఖా కాదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. గుండెకు ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వేసుకుంటున్న పెద్దవాళ్లకు, లోగడ పుండు పగిలి రక్తం పోయినవాళ్లకు ఈ మాత్రే కవచం. మా కథ చదివి వాళ్ల మాత్ర తీసేస్తే ఆ పాపం నాది. మలం తారులా నల్లగా వచ్చినా, మింగుడు పడకపోయినా, బరువు తగ్గుతున్నా మాత్రలతో కాలక్షేపం చేయకూడదు.

మధ్యలో రంజాన్ వచ్చింది. అమ్మీ రోజాలు వదలదు. నిహార్ మూ ఎలా, సెహ్రీకి అరగంట ముందు లేచి గోలీ వేసుకోవాలా అని అడిగింది. డాక్టర్‌కు ఫోన్ చేశాం. మీ ఇంట్లో పెద్ద భోజనం ఏది అని ఆమె అడిగింది. ఇఫ్తార్ తర్వాతిదే అన్నాను. అయితే దానికి ముందు వేసుకోండి అంది. అజాన్ అయ్యాక ఒక ఖజూర్, నీళ్లు, గోలీ. మగ్రిబ్ నమాజు. నమాజు ముగించి, తస్బీహ్ పూర్తి చేసి దస్తర్‌ఖాన్ దగ్గరికి వచ్చేసరికి అరగంట దానంతటదే గడిచిపోయేది. బజ్జీల పళ్లెం మాత్రం నేను దూరం జరిపేవాణ్ణి. తిరిగి చూసేసరికి రెండు తగ్గేవి.

ఈద్ తర్వాత రోజు విడిచి రోజుకు వచ్చాం. అరికాళ్ల చీమలు ఇంకా పూర్తిగా పోలేదు, బీ12 ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. అబ్బా రిటైరైనా మా వంటింట్లో ఇప్పటికీ రైల్వే క్యాలెండరే వేలాడుతుంది. చివరి గోలీ వేసుకున్న తారీఖు చుట్టూ అమ్మీ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన ఉర్దూలో 'బస్' అని రాసుకుంది.